మారిషస్‌లో తెలుగువాళ్లను వెతుక్కుంటూ

మారిషస్ ప్యాకేజీలన్నీ బీచ్ చుట్టూనే తిరుగుతాయి. మేం వెళ్లింది మాత్రం దాదాపు రెండు శతాబ్దాల కిందట ఓడెక్కి వెళ్లిన మనవాళ్ల సంతతిని, వాళ్లు ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నవాటిని చూద్దామని. ఆ పని మీద వెళ్లేవాళ్లకు బస ఎక్కడన్నదే పెద్ద ప్రశ్న. మొదట గ్రాండ్ బే వైపు సముద్రం పక్కన హోటల్‌లో దిగాం. గది బాగుంది, టిఫిన్ బాగుంది. కానీ సాయంత్రం భజన జరిగే ఊరి పేరు చెబితే కౌంటర్‌లో తెల్లమొహం వేశారు, వాళ్లు పిలిపిస్తామన్న టాక్సీ రానే లేదు. తర్వాత రోజ్ హిల్‌లో ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌కు మారిపోయాం. గది ఇరుకే, లిఫ్ట్ లేదు. అయితే మెట్రో దగ్గర. పైగా ఆ ఇంటావిడే ఫోన్ చేసి ఏ ఊళ్లో ఎప్పుడు భజన ఉందో కనుక్కుని పెట్టింది. నన్నడిగితే రోజ్ హిల్ చుట్టుపక్కలే ఉండండి.

పోర్ట్ లూయిస్‌లో ముందుగా చూడాల్సింది ఆప్రవాసి ఘాట్. 1834 నుంచి 1920 వరకు సుమారు 5 లక్షల మంది ఒప్పంద కూలీలు అడుగుపెట్టిన చోటు. కాకినాడ దగ్గరి కోరింగ రేవు నుంచి, విశాఖ వైపు నుంచి వచ్చిన మనవాళ్లూ వాళ్లలో ఉన్నారు. రేవు దగ్గర 16 రాతిమెట్లు మిగిలాయి. ఓడ దిగినవాళ్లు ఆ మెట్లెక్కి, డిపోలో ఒకటి రెండు రోజులుండి, చెరకు తోటలకు వెళ్లిపోయేవాళ్లు. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రవేశం ఉచితం. ఆదివారం మూసి ఉంటుంది కాబట్టి వారం మధ్యలో పెట్టుకోండి. పక్కనున్న సమాచార కేంద్రం ముందు చూసి తర్వాత మెట్ల దగ్గరకు వెళ్తే మంచిది, లేకపోతే అవి ఉత్త రాళ్లలాగే కనిపిస్తాయి.

మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కు రోజ్ హిల్ నుంచి మెట్రోలో రెద్వీ స్టేషన్ వరకు వెళ్లి, అక్కణ్నుంచి టాక్సీ పట్టుకోవచ్చు. మీటరు ఉంటుందని అనుకోవద్దు, ఎక్కే ముందే రేటు మాట్లాడుకోండి. వలస వచ్చినవాళ్ల రికార్డులు ఇక్కడే ఉన్నాయి: నంబరు, ఓడ పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు, కొందరికి ఫొటోలు కూడా. మాతో వచ్చిన స్థానిక తెలుగాయన తన ముత్తాత తండ్రి వివరాలు తీయించుకున్నారు. జిల్లా విశాఖపట్నమని స్పష్టంగానే ఉంది. ఊరి పేరును మాత్రం అప్పటి గుమస్తా తనకు వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఆయన దాన్ని రకరకాలుగా పలికి, మీకు తెలిసిన ఊరేమో చూడండి అని మమ్మల్ని అడిగారు. అది ఏ ఊరో మాకూ అంతు చిక్కలేదు. సిబ్బంది ఓపికగా చూపించారు. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవడం తప్పనిసరి అనుకోండి. విదేశాల్లోని భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డును అక్కడి ఏడో తరానికి కూడా ఇస్తామని 2024 మార్చిలో మన రాష్ట్రపతి ప్రకటించారు కదా, ఈ కాగితాలకు విలువ ఇంకా పెరిగింది.

ఇక అసలు సంగతి, రామభజనం. చిన్న ఊళ్లో చిన్న గుడి. మధ్యలో పూలతో అలంకరించిన ఎత్తయిన దీపం, దాని చుట్టూ తాళాలు పట్టుకుని పాడుతూ, అడుగులేస్తూ జనం. ఒక పెద్దావిడ మాటిమాటికీ వచ్చి ఒత్తి సరిచేసి నూనె పోసి, మళ్లీ వరుసలో కలిసిపోతోంది. పాట మధ్యలో మాత్రం ఎక్కడా ఆపలేదు. ఆవిడ పక్కనున్న కుర్రాడు ఫోన్లో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న పాట చూసి పాడుతున్నాడు. అతనికి ఇంట్లో అక్కడి వాడుక భాష క్రియోల్, బళ్లో ఇంగ్లీషు, ఫ్రెంచి. అయినా సింహాద్రి అప్పన్న పాట రాగానే ఫోన్ జేబులో పెట్టేశాడు. అది కంఠతా వచ్చు! నాకు ఒళ్లు పులకరించింది. ఒకప్పుడు తెల్లవారేదాకా సాగేదట, ఇప్పుడు మర్నాటి ఉద్యోగాల కోసం అర్ధరాత్రికి ముందే ముగిస్తున్నామని ఆ ఊరి పెద్దాయన బాధగా చెప్పారు.

ఇదంతా దానంతట అది నిలవలేదు. 1940ల్లో పుట్టిన మారిషస్ ఆంధ్ర మహాసభ ఊరూరా శాఖలు పెట్టింది. ఉగాది అక్కడ జాతీయ సెలవు. ప్రభుత్వ బళ్లలో పిల్లలు తెలుగు తీసుకోవచ్చు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. అయితే సభ్యుల్లో తెలుగు ధారాళంగా మాట్లాడేవాళ్లు తక్కువే. నా మటుకు నాకు పెద్ద పెద్ద సభలకన్నా ఈ ఊరి శాఖలే ముఖ్యం. ఇండియా నుంచి కళాకారులను రప్పించడానికి పెట్టే ఖర్చులో కొంతైనా అక్కడి ముసలివాళ్ల నోట ఉన్న పాత బాణీలను రికార్డు చేయడానికి పెట్టాలి. మన దగ్గర ఎవరూ పాడని వరుసలు వాళ్ల దగ్గర విన్నాను.

భజనకు వెళ్లేవాళ్లు తిరుగు ప్రయాణం ముందే మాట్లాడుకోండి, చీకటి పడితే పల్లెలకు బస్సులు దొరకవు. తిండికి లోటుండదు, భోజనం చేయకుండా కదలనివ్వరు. పాటలు రికార్డు చేసుకోవాలనుకుంటే ముందు పెద్దల్ని అడగండి. చేసుకున్నాక ఒక కాపీ ఆ శాఖవాళ్లకే ఇచ్చి రండి, పిల్లలకు నేర్పుకోవడానికి వాళ్లకే ఎక్కువ అవసరం.