వాల్వు ఆంప్లిఫయర్‌కు కరెంటు మీటర్లు: కొన్నేళ్లు వాడాక

నా ఆంప్లిఫయర్ ఇంట్లో కట్టుకున్నదే. రెండు చానళ్లు, చానల్‌కు రెండేసి ఈఎల్34 వాల్వులు (పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు గొట్టాలు), పుష్‌పుల్ (రెండు వాల్వులు వంతులవారీగా తోసే పద్ధతి), ఫిక్స్‌డ్ బయాస్ (వాల్వు కరెంటును అదుపు చేసే మైనస్ వోల్టేజి విడిగా ఇవ్వడం), హెచ్‌టీ (వాల్వులకిచ్చే హై వోల్టేజి) 430 వోల్టుల దాకా ఉంటుంది. ముందు ప్యానెల్ మీద నాలుగు ముల్లు మీటర్లు బిగించాను, వాల్వుకొకటి. కొన్నేళ్లుగా దాదాపు రోజూ వింటున్నాను. సొంతంగా వాల్వు సెట్టు కట్టుకునేవాళ్లకు చేతిలో కాస్త డబ్బు మిగిలితే, ఖరీదైన కెపాసిటర్ల జోలికి వెళ్లేముందు ఈ మీటర్లు కొనుక్కోమనే చెబుతాను.

అమెరికా కంపెనీ మెకింతోష్ ఆంప్లిఫయర్ల మీద నీలంగా వెలిగే మీటర్లు వేరు. అవి స్పీకర్‌కు వెళ్లే వాట్లు చూపిస్తాయి. నావి ఒక్కో వాల్వు ఎంత కరెంటు తాగుతోందో చూపిస్తాయి. వాల్వు ఆయుష్షు చాలావరకు ఆ కరెంటు మీదే ఆధారపడి ఉంటుంది. ఈఎల్34 ప్లేటు (ఎలక్ట్రాన్లు వచ్చి చేరే లోహపు రేకు) 25 వాట్లకు మించి తట్టుకోదు. 430 వోల్టుల దగ్గర 40 మిల్లీఆంపులు పెడితే 17 వాట్లు చిల్లర, అంటే హాయిగా నడుస్తుంది.

మీటరును కేథోడ్ (ఎలక్ట్రాన్లు బయలుదేరే కొన) వైపే పెట్టాలి, ప్లేటు వైపు వద్దు. మీటరు ముఖం మీద ముల్లును సున్నాకు తెచ్చే చిన్న స్క్రూ ఉంటుంది కదా, ప్లేటు వైపు పెడితే దాని వెనకే 430 వోల్టులు ఉంటాయి. నేను ప్రతి కేథోడ్‌కూ గ్రౌండుకూ మధ్య 10 ఓముల రెసిస్టర్ పెట్టి, దాని మీద 1 మిల్లీఆంపు మీటరును సిరీస్ రెసిస్టర్‌తో కలిపాను. వాల్వులో 100 మిల్లీఆంపులు పారితే రెసిస్టర్ మీద 1 వోల్టు వస్తుంది. మీటరు లోపలి కాయిల్, సిరీస్ రెసిస్టర్ కలిపి 1000 ఓములైతే ముల్లు సరిగ్గా చివరికి వెళ్తుంది. మీటరు కాలిపోయినా 10 ఓముల దారి ఉంటుంది కాబట్టి ఆంప్లిఫయర్ ఆగదు. కాయిల్ మీద ఎదురెదురుగా రెండు 1ఎన్4007 డయోడ్లు వేస్తే వాల్వు షార్టయినా ముల్లుకు దెబ్బ తగలదు. ఇందులో స్క్రీన్ (ప్లేటుకు ముందుండే జల్లెడ) కరెంటు కూడా కలిసి వస్తుంది. అంటే ప్లేటు మీద అసలు భారం లెక్క కన్నా కొంచెం తక్కువే, మనకు మంచిదే.

వాల్వుకొకటి ఎందుకు, జంటకొకటి చాలదా అని అడుగుతారు. 1959 నాటి డైనాకో ఎస్‌టీ-70 ఆంప్లిఫయర్‌లో అలాగే చేశారు: జంటకు ఒకే 15.6 ఓముల రెసిస్టర్, దాని మీద 1.56 వోల్టులు వస్తే రెండింటికీ కలిపి 100 మిల్లీఆంపులు. కానీ అందులో ఒకటి 65, ఇంకొకటి 35 లాగుతున్నా మొత్తం వందే కనిపిస్తుంది. అసలు తెలియాల్సింది ఆ తేడానే. ముఖ్యంగా టొరాయిడ్ (ఉంగరం ఆకారపు) అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే వాల్వులను స్పీకర్‌కు కలిపేది, ఉన్నవాళ్లకు కొద్ది మిల్లీఆంపుల తేడా కూడా బేస్‌ను పాడుచేస్తుంది.

ఈ మీటర్ల విలువ నాకు బాగా తెలిసింది ఒక ఎండాకాలంలో. ఎడమ చానల్‌లో రెండో ముల్లు ఆన్ చేసినప్పుడు 40 మిల్లీఆంపుల దగ్గరే ఉండేది. అరగంటకు 50, ఇంకాసేపటికి 60. పాటలో మాత్రం ఏ తేడా లేదు. ఆపేసి, చల్లారాక ఆ వాల్వునూ పక్క వాల్వునూ అటూ ఇటూ మార్చాను. రోగం వాల్వుతో పాటు పక్క సాకెట్‌కు వెళ్లలేదు, అదే సాకెట్‌లో ఉండిపోయింది. అంటే తప్పు వాల్వుది కాదు. వేడెక్కాక వాల్వు పీకి గ్రిడ్ (బయాస్ మైనస్ వోల్టేజి అందే కొన) పిన్ను దగ్గర కొలిస్తే మైనస్ 38 వోల్టులు ఉండాల్సిన చోట మైనస్ 35 ఉంది. మైనస్ తగ్గితే వాల్వు ఎక్కువ కరెంటు లాగుతుంది. ముందు దశ నుంచి పాటను గ్రిడ్‌కు అందించే కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోంది. అది మార్చగానే ముల్లు 40 దగ్గర నిలబడింది. మీటరే లేకపోతే ప్లేటు ఎర్రబడేదాకా నాకు తెలిసేది కాదు.

కరెంటోళ్లిచ్చే వోల్టేజి కూడా ఇందులో కనిపిస్తుంది. సాయంత్రం లోడు ఎక్కువున్నప్పుడు నాలుగు ముళ్లూ 38 దగ్గర ఉంటాయి, అర్ధరాత్రి దాటితే 43కు ఎక్కుతాయి. నాలుగూ కలిసి కదిలితే టెన్షన్ పడక్కర్లేదు. ఒక్కటే కదిలితేనే చూసుకోవాలి. సౌండు పెంచినప్పుడు కూడా ముళ్లు పైకి లేస్తాయి, క్లాస్ ఏబీలో (సౌండు పెరిగితే వాల్వులు ఎక్కువ కరెంటు లాగే పద్ధతి) అది మామూలే. మరీ ఎగరకుండా కాయిల్ మీద 470 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ వేశాను.

ఇబ్బందులూ ఉన్నాయి. ఈ రకం మీటర్లలో చాలావాటిని నిలువుగా పెట్టడానికే సరిచేసి ఉంటారు. డయల్ మీద తలకిందులు టీ లాంటి గుర్తు ఉంటే అదే. ఇనుప ప్యానెల్‌లో బిగిస్తే అయస్కాంతం మీద ప్రభావం పడి రీడింగు మారుతుంది, అందుకే నేను అల్యూమినియం వాడాను. ఎండాకాలంలో పొడిగుడ్డతో అద్దం తుడిస్తే స్టాటిక్ చార్జి వల్ల సెట్టు ఆపి ఉన్నా ముల్లు 20 దగ్గర ఇరుక్కుంటుంది. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే దిగిపోతుంది.

కొత్తగా కట్టేవాళ్లు పాత మీటర్లు దొరికినా తీసుకోవచ్చు. కానీ కాయిల్ ఎన్ని ఓములో చూద్దామని పాత ముల్లు మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి నేరుగా తగిలించకండి. చిన్న రేంజిలో అది పంపే కరెంటు 1 మిల్లీఆంపు కాయిల్‌కు చాలా ఎక్కువ, ముల్లు వంగిపోతుంది. ఒక పెన్‌సెల్, 2.2 కిలో ఓముల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, మీటరు రెండు కొనల మధ్య వోల్టేజి డిజిటల్ మీటరుతో కొలిచి లెక్క కట్టుకోండి.