నీళ్ళు లేని రేవు

లండన్‌లో స్ట్రాండ్ అనే వీధి దగ్గర దిగాం. ‘గార్డెన్ వ్యూ’ అన్నారని రాత్రికి ఇరవై పౌండ్లు ఎక్కువిచ్చి గది తీసుకున్నాను. కర్టెన్ లాగితే నాలుగు గోడల మధ్య రెండు పూలకుండీలు!

నిజానికి ఆ పేటలో ఒకప్పుడు తోటలకు కొదవ లేదు. స్ట్రాండ్‌కి దక్షిణాన వరసగా ప్రభువుల మేడలు, వాటి పెరళ్ళు థేమ్స్ నది దాకా. వాటిలో యార్క్ హౌస్ తోట చివర 1626 ప్రాంతంలో కట్టిన రాతి రేవు ద్వారం ఇప్పటికీ ఉంది, ఎంబాంక్‌మెంట్ పార్కులో. అరిగిన రాతి స్తంభాలు, పైన సింహాలు, కింద పడవ కోసం దిగే మెట్లు. నది మాత్రం దాదాపు 140 మీటర్ల అవతల! 1860లలో బాజల్‌గెట్ అనే ఇంజనీరు మురుగు కాలువల కోసం గట్టు కట్టి నదిని వెనక్కి నెట్టేశాడు. "నీళ్ళు లేని రేవుకి మెట్లెందుకురా?" అంది అమ్మ. టికెట్ లేదు, బెంచీలున్నాయి. ఈ ట్రిప్పులో నా ఓటు దీనికే. దగ్గర్లోని ఎంబాంక్‌మెంట్ ట్యూబ్ (భూగర్భ రైలు) స్టేషన్‌లో మాత్రం వీధి దాకా లిఫ్ట్ లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బస్సులో రావడం మేలు.

1672లో బకింగ్‌హామ్ డ్యూక్ జార్జ్ విల్లియర్స్ ఆ యార్క్ హౌస్ మేడా తోటా అమ్మేస్తూ, అక్కడ వేసే వీధులకు తన పూర్తి పేరు పెట్టాలని షరతు పెట్టాడట. జార్జ్, విల్లియర్స్, డ్యూక్, ఆఖరికి ‘ఆఫ్’ అన్న ముక్కకీ ఒక సందు! ఆ సందు పేరు ఇప్పుడు యార్క్ ప్లేస్. పాత పేరు కూడా బోర్డు మీద రాసి ఉంది. అమ్మ నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది.

మధ్యాహ్నం గ్రీన్ పార్క్. 1924లో పడగొట్టిన డెవన్‌షైర్ హౌస్ అనే మేడ ఇనుప గేటు రోడ్డు దాటి వచ్చి పార్కులో నిలబడింది. చూడ్డానికి దర్జాగానే ఉంది కానీ రెండు నిమిషాల పని. ఆ మేడ తోటకీ పక్కనున్న లాన్స్‌డౌన్ హౌస్ తోటకీ మధ్య నడిచే దారి ఇప్పుడు కాఫీ కొట్ల సందు. తోట ఆనవాలేమీ దొరకదు. కాఫీ కోసమైతే వెళ్ళండి.

మూడో రోజు గొడవపడితే రోడ్డు వైపు గది ఇచ్చారు. రాత్రంతా బస్సుల మోత. కిటికీలో ఒక చెట్టు కొస మాత్రం కనిపించింది. ఇరవై పౌండ్లు వెనక్కివ్వలేదు.