కారు స్టీరియోకి విడిగా యాంప్ పెట్టి నాలుగేళ్లు: వాడాక తెలిసినవి

మా కారు స్టీరియోలో వాల్యూమ్ 30 దాకా ఉంటుంది. 20 దాటిందంటే పాట పగిలిపోయేది. కిక్ డ్రమ్ దెబ్బ పడిన ప్రతిసారీ దానితోపాటు పాడుతున్న గొంతు కూడా గరగరలాడేది. హైవే మీద టైర్ల హోరులో 20 సరిపోదు, 23 పెడితే వినబుద్ధి కాదు. ఏడాదిన్నర అలాగే నెట్టుకొచ్చాను. ఆ తర్వాత నాలుగు చానళ్ల (నాలుగు స్పీకర్లను విడివిడిగా నడిపే) చిన్న యాంప్లిఫయర్, అంటే పాట సిగ్నల్‌కు బలం పెంచే పెట్టె, ఒకటి కొని డ్రైవర్ సీటు కింద పెట్టించాను. ఇప్పటికి నాలుగేళ్లు దాటింది. రోజూ కనీసం గంటసేపు మోగుతుంది.

నేను కొన్న మోడల్ ఇప్పుడు అదే రూపంలో దొరకడం లేదు కాబట్టి పేరు కంటే దాని లెక్కలు చెప్పడమే ఉపయోగం. క్లాస్ డి రకం (తక్కువ వేడితో పనిచేసేది), 4 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకు స్పీకర్ చూపే అడ్డుకు కొలత) స్పీకర్ మీద చానల్‌కు 50 వాట్ల ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల నిజమైన పవర్), స్పీకర్ వైరునే నేరుగా తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్. ఈ లెక్కలకు సరిపోయే మంచి యాంప్ ఏదైనా, కింద రాసింది చాలావరకు దానికీ వర్తిస్తుంది.

మొదట నాకు అర్థం కాని విషయం ఒకటే. స్టీరియో మీద కూడా 4×50 వాట్లు అనే రాసి ఉంది. మరి ఇంకో 50 వాట్ల యాంప్ ఎందుకు? లెక్క వేసి చూస్తే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో దొరికేది దాదాపు 14.4 వోల్టులు. మామూలు ఫ్యాక్టరీ స్టీరియోలో నాలుగు స్పీకర్లనూ నడిపేది ఒకే ఒక ఐసీ (చిప్), దానికి వోల్టేజ్ పెంచుకునే ఏర్పాటు ఉండదు. స్పీకర్ రెండు కొసలనూ ఎదురెదురుగా నడిపే బ్రిడ్జ్ పద్ధతిలో కూడా సిగ్నల్ శిఖరం 14.4 వోల్టులు దాటలేదు. శుభ్రమైన సైన్ వేవ్ (నున్నటి అల) అయితే అది 10.2 వోల్టుల ఆర్ఎంఎస్ (పవర్ లెక్కకు తీసుకునే విలువ), అంటే 4 ఓమ్‌ల మీద 26 వాట్లు. ఐసీలోపలే పోయేది పోగా, పగలకుండా చేతికి వచ్చేది సుమారు 18 నుంచి 20 వాట్లు. అదే సిగ్నల్‌ను పైనా కిందా పూర్తిగా కోసేసి చదరపు ఆకారంలోకి మార్చేస్తే 14.4 వర్గాన్ని నాలుగుతో భాగించాలి: దాదాపు 52 వాట్లు. స్టీరియో మీద రాసిన 50 అదే. అంటే అది పాట పూర్తిగా పగిలిపోయాక వచ్చే అంకె.

విడి యాంప్‌లో లోపల ఒక పవర్ సప్లయ్ ఉంటుంది. అది బ్యాటరీ వోల్టేజీని ముందు పెంచుకుంటుంది. నిజమైన 50 వాట్లకు శిఖరం 20 వోల్టుల దాకా వెళ్లాలి. ఆ దారి ఫ్యాక్టరీ ఐసీకి లేదు కాబట్టి ఈక్వలైజర్‌తో (బేస్, ట్రెబుల్ పెంచి తగ్గించే సెట్టింగ్‌తో) ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. పైగా బేస్‌ను (లోతైన శబ్దాలను) 6 డెసిబెల్స్ (శబ్దం గట్టిదనానికి కొలత) పెంచామంటే ఆ భాగంలో నాలుగింతల పవర్ అడిగినట్టు. నేను ఏడాదిన్నర పాటు చేసింది అదే.

కొనే ముందు, ఆడియో రిపేర్లు చేసే మా ఫ్రెండ్ ఒకడు ఆపాడు. "కొత్తది తర్వాత చూద్దువులే గానీ, ముందు ఉన్నది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడరా" అన్నాడు. ఆ మాట వినడం మంచిదైంది. అప్పటికే ముందు తలుపుల్లో ఫ్యాక్టరీ స్పీకర్లు తీయించి, 50 వాట్ల ఆర్ఎంఎస్ తట్టుకునే ఆరున్నర అంగుళాలవి వేయించి ఉన్నాను. తలుపు ప్యానెల్ తీసి, 1.5 వోల్టుల సెల్‌ను స్పీకర్ తీగలకు క్షణంసేపు తాకించాం. కుడివైపు స్పీకర్ కోన్ (శబ్దం పుట్టించే గరాటు లాంటి భాగం) బయటికి కదిలింది. ఎడమవైపుది లోపలికి. అప్పట్లో బిగించినవాళ్లు ఒకవైపు ప్లస్, మైనస్ తారుమారు చేశారు. అలా ఉంటే ఒక స్పీకర్ గాలిని తోస్తుంటే ఇంకోటి లాగుతుంది, బేస్ ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటుంది. తీగలు మార్చి పెట్టగానే వెళ్లిపోయిన బేస్ సగం తిరిగొచ్చింది. ఒక్క పైసా ఖర్చు లేదు. మీకు బేస్ పలచగా అనిపిస్తుంటే, దయచేసి ఏదీ కొనకముందే ఈ పరీక్ష చేయండి.

ఇంకో పరీక్ష కూడా అప్పుడే చేశాం. స్పీకర్ తీగ విప్పి మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూశాం. 3.4 వచ్చింది. మీటరు రాసినదానికంటే కాస్త తక్కువే చూపిస్తుంది కాబట్టి అది 4 ఓమ్‌ల స్పీకరే. కొన్ని కార్లలో కంపెనీ 2 ఓమ్‌లవి వేస్తుంది. అక్కడ 4 ఓమ్‌ల స్పీకర్లు వేస్తే ఉన్న పవర్ సగానికి పడిపోతుంది. వాటినే ఉంచి విడి యాంప్ పెట్టాలంటే, అది 2 ఓమ్‌ల లోడ్‌ను తట్టుకునేదై ఉండాలి.

తీగలు సరిచేసినా 20 దగ్గర పగలడం మాత్రం ఆగలేదు. అప్పుడే యాంప్ కొన్నాను.

ఇక్కడ ఆశ ఎంత పెట్టుకోవాలో ముందే చెప్పాలి. 20 వాట్ల నుంచి 50 వాట్లకు వెళ్తే పెరిగేది 4 డెసిబెల్స్. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 కావాలి. కాబట్టి ఇది పెట్టగానే కారు అదిరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వచ్చే మార్పు వేరే చోట ఉంది. మొదటి రోజు రాత్రి, ఎన్నోసార్లు విన్న ఒక తబలా రికార్డింగ్ పెట్టాను. ఎడమ తబలా మీద మణికట్టు నొక్కుతూ జార్చినప్పుడు ఒక గుమ్మనే నాదం పైకి వంగుతుంది. పాత స్టీరియోలో అది "దుబ్" మని ఒక్క ముద్దగా వినిపించేది. ఇప్పుడు ఆ వంపు మొదటి నుంచి చివరిదాకా తెలిసింది, దాని మీద కుడి తబలా దెబ్బలు విడివిడిగా పడ్డాయి. నాలుగు డెసిబెల్స్ అక్కడ ఖర్చయ్యాయి. గొంతు అలాగే ఉంటుంది, దెబ్బ పడ్డ ఆ ఒక్క క్షణంలో మాత్రం యాంప్ చేతులెత్తేయదు.

అయితే బిగించిన తీరుతో రెండు నెలలు బాధపడ్డాను. ఇంజిన్ స్టార్ట్ చేస్తే స్పీకర్లలో సన్నని ఈల. ఆక్సిలరేటర్ తొక్కితే ఆ ఈల కూడా పైకి లేచేది. ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది) శబ్దం అలా వస్తోందంటే ముందుగా అనుమానించాల్సింది గ్రౌండ్‌ను, అంటే యాంప్ మైనస్‌ను కారు బాడీకి కలిపిన చోటును. నా యాంప్ గ్రౌండ్ వైరును సీటు బోల్టుకు, పెయింటు మీదే బిగించేశారు. పాట గట్టిగా పెట్టి యాంప్ గ్రౌండ్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలిస్తే 0.6 వోల్టు చూపించింది. ఉండకూడనంత అది. గరుకు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, రింగ్ టెర్మినల్ వేసి, దంతాల వాషర్‌తో బిగించాను. 0.05కి దిగింది. ఈల పోయింది.

పవర్ వైరు కూడా మార్చాల్సి వచ్చింది. మొదట వేసింది లావుగా, చూడ్డానికి ఘనంగా ఉంది. కొస చెక్కి చూస్తే పోగుల లోపల తెల్లగా అల్యూమినియం, పైన పల్చగా రాగి పూత. అదే మందానికి రాగి కంటే రెసిస్టెన్స్ ఎక్కువ. అసలు రాగిది, 8 గేజ్ వేయించాను, అంటే దాదాపు 8.4 చదరపు మిల్లీమీటర్లు. ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరగా ఉండాలి, అడుగున్నర లోపే. ఫ్యూజ్ కాపాడేది యాంప్‌ను కాదు, కారు పొడవునా వెళ్లే ఆ వైరును. అది ఎక్కడైనా రేకుకు ఒరుసుకుని షార్ట్ అయితే మంటలు లేస్తాయి. ఈ ఒక్క విషయంలో ఎవరితోనూ రాజీ పడొద్దు.

ఇంకో జాగ్రత్త: ఫ్యాక్టరీ స్టీరియోలో స్పీకర్ మైనస్ అంటే కారు బాడీ మైనస్ కాదు. రెండు తీగల మీదా 6, 7 వోల్టులు నిలబడి ఉంటాయి. దాన్ని బాడీకి కలిపారంటే ఐసీ పోవచ్చు.

ఇక గెయిన్ నాబ్. బిగించిన అబ్బాయి దాన్ని ముప్పావు దాకా తిప్పి "బాగా పెట్టాను సార్, ఇక అదిరిపోద్ది" అన్నాడు. అదిరింది కూడా. కానీ పాట ఆపితే స్పీకర్లలో "స్స్" అని ఎడతెగని శబ్దం, 14 దాటితే మళ్లీ పాత గరగరే. గెయిన్ అంటే వాల్యూమ్ అనుకోవడం వల్ల వచ్చే తప్పు ఇది. లోపలికి వచ్చే సిగ్నల్ ఎంత ఉన్నప్పుడు యాంప్ తన పూర్తి బలానికి చేరాలో అది నిర్ణయిస్తుంది, అంతే. నేను ఇలా సెట్ చేశాను. స్పీకర్ తీగలు విప్పేసి, బేస్, ట్రెబుల్ సున్నాలో పెట్టి, పూర్తి లెవెల్‌లో ఉన్న 1 కిలోహెర్ట్జ్ టోన్ ప్లే చేశాను. స్టీరియో 20 దగ్గర పగులుతుందని తెలుసు కాబట్టి వాల్యూమ్ 18లో ఉంచాను. 50ని 4తో గుణిస్తే 200, దాని వర్గమూలం 14.1. మల్టీమీటర్ ఏసీ వోల్టులలో 14.1 చూపించేదాకా గెయిన్‌ను నెమ్మదిగా పెంచి అక్కడ ఆపాను. నాబ్ సగానికి కూడా రాలేదు. ఆ "స్స్" వినబడనంతగా తగ్గింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు కారు తీసినా 18 దాటొద్దని చెప్పి ఉంచాను. స్టీరియోలోనే పగిలిన సిగ్నల్‌ను యాంప్ బాగుచేయదు, ఆ పగులునే పెద్దది చేస్తుంది.

హై పాస్ ఫిల్టర్‌ను, అంటే ఒక హద్దు కంటే లోతైన శబ్దాలను స్పీకర్‌కు వెళ్లనీయని ఏర్పాటును, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. బేస్ పోతుందని మొదట భయపడ్డాను. అదే గట్టిదనానికి శ్రుతి సగానికి దిగితే కోన్ నాలుగింతలు ఊగాలి, తలుపు స్పీకర్‌కు ఆ శక్తి ఉండదు. ఆ బరువు తీసేశాక మిగతాదంతా తేలికపడింది.

రెండో ఏడాది ఒక ఆదివారం తలుపులు విప్పి, లోపలి రేకుకు బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్లు (రేకు అదరకుండా ఆపే రబ్బరు లాంటి పొరలు) అంటించాను. దీని గురించి నిజంగా ఒక మాట చెప్పాలి: బేస్ వరకు చూస్తే యాంప్ కంటే ఎక్కువ మార్పు ఇదే తెచ్చింది. తలుపు లోపలి ఇనుప రేకుకు పెద్ద పెద్ద కంతలుంటాయి, వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కవరు. స్పీకర్ వెనక నుంచి వచ్చే గాలి ఆ కంతల్లోంచి తిరిగొచ్చి ముందు శబ్దాన్ని కొట్టేస్తుంది. ఆ కంతలు మూసి, స్పీకర్ చుట్టూ ఫోమ్ రింగు వేశాక, తలుపు వేస్తే వచ్చే శబ్దమే మారింది. "టంగ్" మనేది "ధబ్" మంటోంది. అడుగున నీళ్లు కారిపోయే రంధ్రాలను మాత్రం మూయకూడదు, తలుపు తుప్పు పడుతుంది. ప్యానెల్ క్లిప్పులు నాలుగు విరిగాయి. ముందే ఓ పది కొని పెట్టుకోవడం మంచిది.

దీర్ఘకాలంలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది బ్యాటరీ. ఐదు రోజులు ఊళ్లో లేను. వచ్చేసరికి కారు స్టార్ట్ కాలేదు. నా యాంప్ స్పీకర్ తీగల మీది డీసీ వోల్టేజీని చూసి దానంతటదే ఆన్ అవుతుంది. మా స్టీరియో మాత్రం కారు లాక్ చేశాక కూడా ఒక్కోసారి ఆ వోల్టేజీని అలాగే నిలిపేది. యాంప్ మేలుకునే ఉండేది. కొలిస్తే 0.4 ఆంపియర్లు. 45 ఆంపియర్ అవర్ బ్యాటరీకి ఐదు రోజుల్లో అది చాలు. ఆటో సెన్స్ (అలా దానంతటదే ఆన్ అయ్యే ఏర్పాటు) ఆపేసి, రిమోట్ వైరును (యాంప్‌ను ఆన్ చేసే తీగను) ఫ్యూజ్ బాక్సులో, కీ తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు కలిపాను. తర్వాత రెండున్నరేళ్లుగా ఆ సమస్య లేదు.

ఒక వేసవిలో మాత్రం యాంప్ మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. చూస్తే వెనక కూర్చున్నవాళ్ల కాళ్లకు కార్పెట్ జరిగి దాని మీద కప్పుకుని ఉంది. చిన్న చెక్క ముక్క మీద ఒక అంగుళం ఎత్తులో బిగించాక మళ్లీ ఆగలేదు. ఆ ఎత్తు ఇంకోలా కూడా పనికొచ్చింది: వానలో బూట్లతో వచ్చే నీళ్లు దాన్ని తాకడం లేదు.

ఇది తీర్చలేనిదీ ఒకటుంది. చాలా ఫ్యాక్టరీ స్టీరియోలలాగే మాది కూడా వాల్యూమ్ పెరిగేకొద్దీ బేస్‌ను తనంతట తానే తగ్గిస్తుంది, చిన్న స్పీకర్లు చిరగకుండా. 50 హెర్ట్జ్ టోన్ పెట్టి కొలిచాను కాబట్టి చెబుతున్నాను. యాంప్ తనకు అందిందే పెంచుతుంది, అందనిదాన్ని సృష్టించదు. దానికి సిగ్నల్‌ను సరిదిద్దే డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) ఉన్న యాంప్ కావాలి. ఈరోజు కొంటే నేను అదే కొంటాను. లోతైన బేస్ కోసమే అయితే విడిగా చిన్న సబ్‌వూఫర్ పెట్టాల్సిందే. నెమ్మదిగా, ఊరి రోడ్ల మీద వింటూ వెళ్లేవాళ్లకు 20 వాట్లే సరిపోతాయి. వాళ్లు ముందు తీగల పరీక్ష, తర్వాత తలుపుల పని చేయించుకుంటే చాలు.

హైవే మీద ఇప్పుడు నేను పెట్టేది 15, 16. ఏడాదికోసారి సీటు జరిపి గ్రౌండ్ బోల్టుకు స్పానర్ వేసి చూస్తాను. మొదటి ఏడాది అరచుట్టు వదులైంది. నిరుడు, ఈ ఏడాది అసలు కదల్లేదు.