మాజీ సైనికుల పాలీక్లినిక్‌లో మందుల సరఫరా

మాజీ సైనికుల కోసం 2003 ఏప్రిల్ 1న మొదలైన ఈసీహెచ్ఎస్ అనే ఆరోగ్య పథకంలో వైద్యుని సలహా ఎంత ముఖ్యమో, చీటీలో రాసిన మందు కౌంటర్లో దొరకడం కూడా అంతే ముఖ్యమని, మా నాన్నగారిని ఆ పథకం వైద్యశాల అయిన పాలీక్లినిక్‌కు ఏళ్ల తరబడి తీసుకువెళ్తున్న నా అభిప్రాయం. పాలీక్లినిక్ తనకు కావలసిన మందుల ఇండెంటును, అంటే సరఫరా కోరే జాబితాను, సిద్ధం చేసి, దగ్గరి సైనిక ఆసుపత్రిలోని సీనియర్ ఎగ్జిక్యూటివ్ మెడికల్ ఆఫీసరుకు పంపుతుంది. అక్కడి నుంచి అది సాయుధ దళాల వైద్య సామగ్రి డిపోకు చేరుతుంది, సరుకు మళ్లీ అదే దారిలో వస్తుంది. దారి పొడవైనదే. రక్తపోటు, మధుమేహం మాత్రలు వారం రోజులు ఆగినా డెబ్బై దాటిన మనిషికి ప్రమాదం కనుక, నెలవారీ వాడకాన్ని లెక్కగట్టి నిల్వ అడుగంటకముందే ఇండెంటు పంపే ఫార్మసిస్టు ఉన్నచోటే ఈ సేవ నిలబడుతుంది. అటువంటి ఫార్మసిస్టు మాకు దొరకడం అదృష్టం. నిల్వలో లేని మందును అధీకృత స్థానిక మందుల దుకాణం నుంచి తెప్పించే ఏర్పాటు నాకు అన్నిటికన్నా నచ్చింది. అదీ కుదరనప్పుడు మందు లేదని రాయించుకొని బయట కొని, బిల్లు పెట్టి డబ్బు తిరిగి పొందవచ్చు. అయితే పింఛను మీద గడిచే ఇంటికి ఆ ఎదురుచూపు భారమే.