మేడమ్ వెళ్ళిపోయినాక ఆ సెంటర్ ఎట్లుంది? వెళ్ళొచ్చా?

తిరుపతిలో మానసిక జబ్బులున్నోళ్ళకి, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఫ్రీగా సాయం చేసే ఒక స్వచ్ఛంద సంస్థ గురించి ఈ రివ్యూ. పేరు రాయట్లేదు, రుయా పెద్దాస్పత్రిలో సైకియాట్రీ (మానసిక జబ్బుల) ఓపీకి వెళ్ళొచ్చేవాళ్ళలో చానామందికి తెలిసిందే. మొదట్నించీ దాన్ని నడిపిన మేడమ్ ఈమధ్య బాధ్యతలు వదిలేసి వెళ్ళిపోయినారు, ఇంక అక్కడికి పోవడం వేస్టేనా అని తెలిసినోళ్ళు అడుగుతున్నారు. వేస్ట్ కాదు, వెళ్ళండి, కాకపోతే కొన్ని తెలుసుకొని వెళ్ళండి.

మా తమ్ముడికి బైపోలార్, అంటే మనసు కొన్నాళ్ళు మరీ హుషారుగా, కొన్నాళ్ళు మరీ దిగులుగా మారిపోయే జబ్బు, దానికి లిథియం అనే మందు వాడతాడు. ఆ మందు వేసుకునేవాళ్ళు రక్తంలో లెవెల్ ఎంతుందో అప్పుడప్పుడూ టెస్ట్ చేయించుకుంటా ఉండాల, ఎక్కువైతే చేతులు వణుకుతాయి, వాంతులవుతాయి, మాట తడబడుతుంది, ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. మేడమ్ డాక్టర్ కాదు, మందుల జోలికి ఎప్పుడూ పోలేదు, కానీ టెస్ట్ టైముకి గుర్తుపెట్టుకొని ఫోన్ చేసేవాళ్ళు. ఒక ఎండాకాలం వీడు అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాడు, 3,550 మెట్లు, ఇంట్లో అందరం వద్దంటే వద్దన్నాం. మేడమ్ మాత్రం వద్దనలేదు. "ఎక్కు నాయనా, ముందు డాక్టర్ని ఒక మాట అడుగు, తెల్లారకముందే బయల్దేరు, నీళ్ళు తాగుతానే ఉండు, ఉప్పు మానేయొద్దు, చెమట ఎక్కువ పోతే ఈ మందు ఒంట్లో పెరిగిపోతుంది" అని వాడికే నేరుగా చెప్పినారు, మాకు కాదు. జబ్బు వచ్చినప్పట్నించీ వాడితో ఎవరూ అట్లా మాట్లాడింది లేదు. తర్వాత అమ్మ వైపు తిరిగి "నువ్వు రాత్రిళ్ళు నిద్రపోతున్నావామ్మా?" అనడిగితే అమ్మ అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చేసింది.

కాగితాల పనిలో కూడా గట్టి సాయం దొరికేది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ వాళ్ళు మిగతా జబ్బుల్లాగే దీనికీ కవరేజ్ ఇవ్వాలని, వైకల్యం 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే సర్టిఫికెట్ పెట్టుకొని స్కీములకి అప్లై చేసుకోవచ్చని మాకు తెలిసింది అక్కడే. ఆత్మహత్యాయత్నం చేసినోళ్ళ మీద పోలీసు కేసవుతుందని భయపడి ఆస్పత్రికే పోకుండా దాచుకునే ఇళ్ళు మన జిల్లాలో ఇంకా ఉన్నాయి, అట్లాంటోళ్ళని కూర్చోబెట్టి అట్లాంటోళ్ళని శిక్షించకూడదని చెప్పే ఆ చట్టంలోని 115వ సెక్షన్ విడమరిచి చెప్పేవాళ్ళు.

ఇంక బాధ కలిగించిన సంగతి. మేడమ్ వెళ్ళిపోయిన విషయం మాకు తలుపుకి అంటించిన కాగితం చూస్తే తెలిసింది. ఎక్కువ జీతం కోసం పోయిందని కొందరంటున్నారు, అది చాలా అన్యాయమైన మాట, అర్ధరాత్రి ఫోన్లు ఎత్తీ ఎత్తీ ఆమె ఎంత అలసిపోయుంటుందో ఒక్కసారన్నా ఆలోచించాల కదా. వెళ్ళే హక్కు ఆమెకుంది. తప్పు కమిటీది. కొత్తామెని ముందే తెచ్చి ఒక రెండు నెలలు మేడమ్ పక్కన కూర్చోబెట్టి, ఒక్కో కుటుంబాన్నీ పరిచయం చేయించి పంపించుంటే సరిపోయేది. అట్లా చేయలేదు, దాంతో ఎవరికి ఏ టెస్టు ఎప్పుడు, ఎవరు మందులు మానేసే రకం, ఎవరింట్లో ఎవరి మాట చెల్లుతుంది అన్నదంతా మేడమ్‌తోనే పోయింది. మాకు టెస్ట్ ఫోన్ రాలేదు, డేట్ దాటిపోయింది. అమ్మ మళ్ళీ మొదట్నించీ కథంతా చెప్పుకోవాల్సొచ్చింది, అదీ తమ్ముడి ముందే, వాడు తల దించుకొని కూర్చున్నాడు.

కొత్తామె మంచి మనిషే, ఓపికుంది. మేము గట్టిగా అడిగినాక ఇప్పుడు ఇంటికొక ఫైలు తెరుస్తున్నారు, మందులు, టెస్టుల తేదీలు అన్నీ రాస్తున్నారు. కుటుంబాల మీటింగ్ ఆపలేదు, అది పెద్ద ధైర్యం.

వెళ్ళేవాళ్ళు ఓపీ చీటీలు, పాత రిపోర్టులు జిరాక్స్ తీసుకొని పోండి, ఫైల్లో పెట్టించండి, పేషెంటు లేకుండా ముందు విడిగా మాట్లాడాలంటే మొహమాటపడకుండా అడగండి. రాత్రిపూట ఇప్పుడు ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు, అప్పుడు మానసిక సమస్యలకి గవర్నమెంటు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేం పడవు. మేడమ్ ఉన్నప్పుడైతే ఐదుకి ఐదు ఇచ్చేవాణ్ణి, ఇప్పటికి మూడున్నర. ఫైళ్ళ పని అయిపోయి టెస్ట్ ఫోన్లు మళ్ళీ మొదలైతే వచ్చి మారుస్తా.