బస్ట్ చేయడానికి వాటర్ క్లేనా, ఆయిల్ క్లేనా?

ఆర్డరు మీద బస్ట్ (తల నుంచి భుజాల దాకా ఉండే బొమ్మ) ఒప్పుకున్న ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఇదే: నీళ్లు కలిపిన మామూలు మట్టా (వాటర్ క్లే), నూనె, మైనం కలిపిన ఎండని మట్టా (ఆయిల్ క్లే)? చివరికి పోసేది కంచులోనే, మట్టి ఏదైతేనేం అనిపించడం సహజం. కాల్చే పని లేదు, లోపల మట్టిని నిలబెట్టే ఇనుప చట్రం (ఆర్మేచర్) తీసే పని లేదు, అచ్చు తీశాక ఆ మట్టి బొమ్మతో అవసరమే తీరిపోతుంది. అయితే ఆ రోజు దాకా అది నిలవాలి కదా.

చేతికి హాయి అంటే వాటర్ క్లేదే. మొదటి రెండు గంటల్లో దానికి సాటి లేదు. గుప్పెళ్లతో కొడుతూ పోతే పుర్రె, దవడ, మెడ వంపు ఇట్టే తేలతాయి. ఆయిల్ క్లే అలా కాదు, చల్లగా ఉంటే మొండికేస్తుంది, వెచ్చబెట్టి లొంగదీసుకోవాలి. పైగా గీసిన గీత గీసినట్టే నిలుస్తుంది గనక, తల ఆకారం కుదరకముందే కనురెప్పల మీదికి మనసు పోతుంది. నేనూ ఆ తప్పు చాలాసార్లు చేశాను.

అయినా ఆర్డరు పనికి నేను ఆయిల్ క్లేనే పట్టుకుంటాను. కారణం ఒక్కటే, నిరీక్షణ. కూర్చోవలసిన మనిషి మూడు వారాలు రాడు. పోయినవారి బొమ్మైతే ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో రోజు వస్తారు. అంతా ఒప్పుకున్నాక పెద్దకొడుకు వచ్చి, "నాన్నగారి నుదురు ఇంత వెడల్పు కాదండీ" అంటాడు. ఆ నుదురు దిద్దే రోజున మట్టి ఎలా ఉందన్నదే నా దృష్టిలో అసలు లెక్క.

వాటర్ క్లే ఆరితే 5 నుంచి 8 శాతం దాకా కుంచించుకుపోతుంది. లోపలి ఇనుము కుంచించుకోదు. ఇక పగలక ఏం చేస్తుంది? ఓసారి తడిగుడ్డ సరిగా కప్పకుండా రెండు రోజులు ఊరెళ్లి వచ్చాను. ఎడమ చెవి వెనక నుంచి మెడ దాకా పగులు. గట్టిపడిన చోట కొత్త మట్టి ఊరికే అతకదు, గీరి, తడిపి, మళ్లీ పెట్టుకోవాలి. ఇంకో చిక్కు ఎవరూ చెప్పరు: తడి ఉన్నచోట ముదురుగా, ఆరినచోట పాలిపోయి కనిపించడంతో ముఖం మీద లేని నీడలు పుడతాయి. పోలిక రాలేదన్న గొడవల్లో కొన్ని ఈ మచ్చల వల్లేనని నా అనుమానం.

ఆయిల్ క్లే మూడు నెలలు వదిలేసినా వదిలిన చోటే ఉంటుంది. కళ్ల దగ్గర ఇది మరీ ఉపయోగం. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ శిల్పి ఊడాన్ కనుపాపను లోతుగా తొలిచి, లోపల చిన్న ముక్క వదిలేవాడు. అది వెలుతురు అందుకుని చూపులా మెరుస్తుంది. కంచు నల్లగా ఉండి లోతులేని కళ్లను మింగేస్తుంది కాబట్టి ఆ పద్ధతి మనకూ అవసరమే. అలా వేలాడే ముక్క వాటర్ క్లేలో ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఆయిల్ క్లేకీ ఒక లోపం ఉంది. కొన్ని రకాల్లో గంధకం కలుస్తుంది. వాటి మీద అచ్చు కోసం ప్లాటినం సిలికాన్ అనే రబ్బరు పోస్తే మట్టికి తగిలిన చోట గట్టిపడకుండా జిగటగా మిగిలిపోతుంది. గంధకం లేని రకం కొనండి, లేదా టిన్ సిలికాన్ వాడండి. వాటర్ క్లేకి ఈ బాధ లేదు గానీ, తడి మీద పాలీయురేథేన్ రబ్బరు పోస్తే బుడగలొస్తాయి. చల్లారేటప్పుడు కంచు 1.5 నుంచి 2 శాతం తగ్గడం రెండింటికీ ఒకటే, దాన్ని బట్టి మట్టిని ఎంచుకోనక్కర్లేదు.

మట్టి బదులు నేరుగా మైనంలో చేస్తే అచ్చు ఖర్చు తప్పుతుంది, కానీ పోతలో ఆ మైనం కరిగిపోతుంది గనక పోత చెడితే బొమ్మే పోతుంది. కంప్యూటర్‌లో చేసి ప్రింట్ తీయడం కొలతలకు బాగుంటుంది, నాకు అంతకుమించి ఆసక్తి లేదు.

కూర్చునే మనిషి వారం పాటు రోజూ వస్తానని, అచ్చు తీసేవాడు ఎనిమిదో రోజుకి సిద్ధమని తేలితే మాత్రం నేను ఇప్పటికీ వాటర్ క్లే బస్తానే విప్పుతాను. అలాంటి ఆర్డరు నాకింతవరకు ఒక్కటే వచ్చింది.