చిల్లర సీసా, చిన్న కాంటా: ఆరేళ్లు వాడాక

మా ఇంట్లో ఫ్రిజ్ పక్కన ఒక గాజు సీసా ఉంటుంది. ఒకప్పుడు అది ఆవకాయ సీసా. 2019 జూన్ నుంచి అందులో చిల్లర వేస్తున్నాం. నిండడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. ఆ డబ్బు మా పాప బడి పుస్తకాలకు, బూట్లకు. అందుకే ఎంత పోగయిందో ముందే తెలియడం మాకు అవసరం. ప్రతిసారీ నేల మీద పోసి లెక్కపెట్టాలంటే ఒక పూట పోతుంది కాబట్టి, పది కిలోల దాకా తూచే చిన్న డిజిటల్ కాంటా ఒకటి కొని, తూకంతో అంచనా వేయడం మొదలుపెట్టాను. ఇది పనికొస్తుందా అని అడిగితే, వస్తుంది. కానీ నేను మొదట్లో వాడినట్టు వాడితే మోసపోతారు. నాకది తెలియడానికి ఆరేళ్లు పట్టింది.

2021లో మొదటిసారి సీసా ఖాళీ చేశాం. అంతకుముందు ఇంట్లో అందరినీ ఎంత ఉంటుందని అడిగాను. పాప పది వేలంది. మా ఆయన మూడు వేలన్నారు. అత్తమ్మ సీసాను రెండు చేతులతో లేపి చూసి, "ఐదు వేలకు జర తక్కువుంటయ్ బిడ్డా" అంది. లెక్క తేలింది 4,791 రూపాయలు. హైదరాబాద్ కుషాయిగూడలో ముప్పై ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన చేతులవి. సీసా బరువు తీసేస్తే చిల్లర 6 కిలోల 420 గ్రాములు, అంటే కిలోకు సుమారు 746 రూపాయలు. ఈ అంకె కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను.

2023లో అదే లెక్క వేశాను. 6 కిలోల 150 గ్రాములకు 4,588 రావాలి, 4,412 వచ్చింది. నూటికి నాలుగు తేడా. చాలా సంతోషించాను, తూకం మీద నమ్మకం కుదిరింది. కాగితం మీద 746 కొట్టేసి 720 అని రాశాను.

2025లో దెబ్బ తగిలింది. 5 కిలోల 900 గ్రాములు తూగింది. నాలుగు వేల రెండు వందలకు తగ్గదనుకుని పాప బడి ఖర్చు దాని మీదే వేసుకున్నాను. అత్తమ్మ కూడా లేపి చూసి నాలుగు వేలంది. తీరా లెక్కపెడితే 2,965.

కారణం కాంటాలో లేదు, సీసాలో పడే చిల్లర మారిపోయింది. ఇదివరకు నేను ఈసీఐఎల్ నుంచి రోజూ ఆర్టీసీ బస్సులో ఆఫీసుకు వెళ్లేదాన్ని, కండక్టర్ తిరిగిచ్చే ఐదు, పది రూపాయల బిళ్లలే సీసాలో ఎక్కువగా పడేవి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు జీరో టికెట్ వచ్చింది. ఇప్పుడూ అదే బస్సు, కానీ చేతికి చిల్లర రాదు. కూరగాయలు, ఆటో అన్నీ ఫోన్‌తోనే. ఇంట్లో ఇంకా నోటు ఇచ్చి కొనేది అత్తమ్మ ఒక్కతే, ఆమె తెచ్చేవి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు. బరువు దాదాపు అంతే, విలువ పడిపోయింది.

కాబట్టి సీసా మొత్తానికి కిలోకు ఇంత అని ఒకే అంకె పెట్టుకోకండి. బిళ్లను బట్టి కిలో విలువ ఎంత మారుతుందో చూడండి. 2011 తర్వాతి చిన్న రూపాయి బిళ్ల 3.79 గ్రాములు, కిలోకు 264 రూపాయలు. అదే వరుసలో రెండు రూపాయలది 4.85 గ్రాములు, కిలోకు 412. పసుపు రంగు ఐదు 6 గ్రాములు, కిలోకు 833. రెండు రంగుల పది 7.71 గ్రాములు, కిలోకు దాదాపు 1,300. పన్నెండు పలకల ఇరవై 8.54 గ్రాములు, కిలోకు 2,340. పది, ఇరవై బిళ్లలు నేను అసలు తూచను, చేత్తో ఏరి లెక్కపెడతాను. అవి తక్కువే ఉంటాయి, కానీ నాలుగు అటూ ఇటూ అయితే అంచనా అంతా కదులుతుంది.

ఆ రోజు సాయంత్రమే అదే కుప్పను పదులు, పసుపు ఐదులు, పెద్ద తెల్లవి, చిన్న తెల్లవి అని విడదీసి మళ్లీ తూచాను. ఈసారి 3,040 వచ్చింది. అసలు కన్నా 75 రూపాయలు ఎక్కువ. చాలా దగ్గరే, అయినా ఆ 75 ఎక్కడివో తెలుసుకోవాలనిపించి పెద్ద తెల్లవాటిని ఒక్కొక్కటే తిప్పి చూశాను. అన్నీ రెండు రూపాయలవే అనుకుని లెక్కేశాను, కానీ వాటిలో 71 పాత రూపాయి బిళ్లలు. 1990ల నుంచి వచ్చిన పాత స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2011లో వచ్చిన రెండు రూపాయల బిళ్ల కూడా సరిగ్గా 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. రెండూ స్టీలే. కొత్త రూపాయేమో పాత యాభై పైసలంత అయింది. ఈ రెంటినీ ఏ కాంటా విడదీయలేదు.

అత్తమ్మకు చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందుకే కొట్ల దినాం లెక్క తప్పేది. రూపాయనుకొని రెండు రూపాయలిచ్చిన ఎన్నిసార్లో" అంది. అప్పటికే ఆమెకు చూపు మందగించింది. ముప్పై ఏళ్లు వేళ్లతో తడిమి చిల్లర ఇచ్చిన మనిషి. అన్నేళ్లూ మతిమరుపు వచ్చిందని తనను తానే తిట్టుకుంది. ఆ బిళ్లల కొలతలు ఎవరు నిర్ణయించినా, చూపు లేనివాళ్లను, పెద్దవాళ్లను తలచుకోలేదన్నది నా అభిప్రాయం. 2019లో విడుదలైన వరుసలో దాన్ని సరిదిద్దే ప్రయత్నం కనిపిస్తుంది. విలువ పెరిగే కొద్దీ బరువు పెరుగుతుంది, ఇరవైకి పలకలున్నాయి. కానీ పాతవీ చలామణిలోనే ఉన్నాయి, సీసాలో అన్నీ కలిసే పడతాయి. కొత్త ఐదు 6.74 గ్రాములు, రూపాయి 3.09. ఇవి ఎక్కువగా చేరాక నా లెక్కలు మళ్లీ మార్చుకోవాలి.

ఇక కాంటా సంగతి. సమతలంగా ఉన్న గట్టు మీదే పెట్టాలి. ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, బిళ్లలు పోస్తూ ఆలస్యం చేస్తే అదే ఆగిపోతుంది, గిన్నె బరువు మళ్లీ మొదటి నుంచి తీయాలి. అన్నిటికన్నా నన్ను విసిగించింది ఇదే. బ్యాటరీ తగ్గితే అంకెలు ఊగుతాయి. సరిగ్గా తూస్తోందా అని చూడటానికి తూకపు రాళ్లు అక్కర్లేదు. పెద్దగా అరగని 6 గ్రాముల ఐదు రూపాయల బిళ్లలు వంద పెడితే 600 గ్రాములు చూపాలి. నాది మొదట్లో 600 చూపేది, ఇప్పుడు 594 చూపుతోంది. నూటికి ఒకటి కలుపుకుంటున్నాను.

బ్యాంకులో మార్చుకునేటప్పుడు కాంటా బాగా ఉపయోగపడింది. మా దగ్గరి ఒక బ్యాంకు శాఖలో చిల్లర తీసుకోబోమని మొహం మీదే చెప్పారు. బ్యాంకులు నాణేలను తీసుకోవాలన్నది రిజర్వు బ్యాంకు ఆదేశం. రూపాయి, రెండు రూపాయలవి తూచి తీసుకోవచ్చనీ, వందేసి చొప్పున పాలిథిన్ సంచుల్లో కడితే సౌకర్యమనీ కూడా అందులో ఉంది. రూపాయి సంచి 379 గ్రాములు, రెండు రూపాయలది 485, ఐదుది 600 తూగేలా కట్టి ఇంకో శాఖకు తీసుకెళ్తే పది నిమిషాల్లో పనైపోయింది. పది రూపాయల బిళ్ల చెల్లదని ఎవరైనా అంటే నమ్మకండి. 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. యాభై పైసలూ చెల్లుతుంది. పావలా, అంతకన్నా చిన్నవి మాత్రం 2011 జూన్ 30తో పోయాయి, వాటిని లెక్కలో కలపకండి.

పాత బిళ్లకు లక్షలిస్తామనే ప్రకటనలు నమ్మి అంచనా పెంచుకోకండి. ముందుగా ఫీజు కట్టమంటే అది మోసమే. మా పాప మాత్రం ఏడాది అంకె కింద చిన్న నక్షత్రం ఉన్నవి వేరుగా దాచుకుంటుంది. అది హైదరాబాద్ టంకశాల గుర్తు. 1903 నాటి సైఫాబాద్ టంకశాల పని 1997లో చర్లపల్లికి మారింది, అంటే మా ఇంటి పక్కకే.

ఇప్పుడు సీసా పక్కన మూడు డబ్బాలు చేరాయి. అత్తమ్మ దుకాణం నుంచి రాగానే చిల్లర నా అరచేతిలో పోస్తుంది. ఏది రూపాయో ఏది రెండో నేను చెప్తాను, ఆమె వేస్తుంది. పోయిన ఆదివారం తూకం: ఐదులు 624 గ్రాములు, రెండులు 1 కిలో 67 గ్రాములు, చిన్న రూపాయలు 906 గ్రాములు. పదులు 31. మొత్తం 1,500 దాటింది.